పలకని పెద్దలు

2020 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని ఎంబీసీ ఛానెల్ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. 2016లో ఏడేళ్ళ కూతుర్ని జబ్బుకు పోగొట్టుకున్న ఒక తల్లి, ఆకుపచ్చ తెరలు కట్టిన ఖాళీ గదిలో నిలబడి ఉంటుంది. కళ్ళకు వర్చువల్ రియాలిటీ పరికరం, చేతులకు తొడుగులు. ఆమెకు కనిపించేది ఒక పార్కు, అందులో తనకేసి పరుగెత్తుకొచ్చే పాప. టీవీ ముందున్నవాళ్ళకు పాపతోపాటు గాలిని నిమిరే తల్లి చెయ్యి కూడా కనిపిస్తుంది. పిల్ల బుగ్గ నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో ఆ చేతికి ఇంకా గుర్తుంది. సరిగ్గా అక్కడికే వంగుతుంది, ఏమీ తగలదు, మళ్ళీ వెతుక్కుంటుంది. భర్త, మిగతా పిల్లలు అది చూస్తూ కళ్ళు తుడుచుకుంటున్నారు. పుట్టినరోజు కేకు, కొవ్వొత్తులు, నాలుగు మాటలు అయ్యాక పాప నిద్రపోతుంది, తెల్లని సీతాకోకచిలుక ఒకటి ఎగిరిపోతుంది. దాన్ని చూసి కొందరు ఇది ఓదార్పు అన్నారు, కొందరు ఇంతకన్నా క్రూరత్వం ఉండదన్నారు. ఎన్నాళ్ళనుంచో కనాలనుకున్న కల కన్నట్టుందని ఆ తల్లి చెప్పింది.

ఇలాంటి కల మహాభారతంలోనూ ఉంది. యుద్ధం ముగిసి పదహారేళ్ళు. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిలో ఉన్నారు. పాండవులు వాళ్ళను చూడటానికి వచ్చారు. అక్కడికి వ్యాసుడు వస్తే గాంధారి అతనితో మొరపెట్టుకుంటుంది: పదహారేళ్ళుగా ఈయన కొడుకుల కోసం నిట్టూరుస్తూనే ఉన్నాడు, రాత్రిళ్ళు కంటిమీద కునుకు లేదు. కుంతి కర్ణుడి సంగతి చెప్పుకుని ఏడుస్తుంది. ఆ సాయంత్రం వ్యాసుడు భాగీరథిలో దిగి చనిపోయినవాళ్ళను పిలుస్తాడు. నీళ్ళలోంచి సేనలు కదిలిన చప్పుడు. భీష్మద్రోణులు, దుర్యోధనాదులు, కర్ణుడు, అభిమన్యుడు, ఉపపాండవులు, అందరూ పగలు మరచిన ముఖాలతో పైకి వస్తారు. పుట్టుగుడ్డి ధృతరాష్ట్రుడికి ఆ రాత్రి చూపు వస్తుంది. తెల్లవారేదాకా తల్లులు కొడుకులతో, భార్యలు భర్తలతో గడుపుతారు. తెల్లవారగానే వచ్చినవాళ్ళు వచ్చిన నీళ్ళలోకే వెళ్ళిపోతారు. తరవాతి ఘట్టాన్ని మనం పెద్దగా చెప్పుకోం. భర్తల లోకానికి పోవాలనుకునేవాళ్ళు గంగలో దిగవచ్చునని వ్యాసుడు అంటాడు. చాలామంది దిగుతారు, మళ్ళీ పైకి రారు. పోయినవాళ్ళను కళ్ళముందు నిలిపే శక్తి ఎంత ఓదార్చగలదో, ఎంతమందిని తనతో లాక్కుపోగలదో ఆ కథ రాసినవాడికి తెలుసు. అందుకే దానికి ఒక్క రాత్రి గడువు పెట్టాడు.

కొరియా కార్యక్రమానికీ గడువు ఉంది. ఒక్కసారి, ఇంట్లోవాళ్ళ సమక్షంలో, చివర వీడ్కోలుతో. నా అభ్యంతరం దానిమీద కాదు. ఆ తరవాత వచ్చినదానికి తెల్లవారడమే లేదు. మాస్కోలో 2015లో ఒక యువకుడు రోడ్డు ప్రమాదంలో పోతే, అతని స్నేహితురాలు యుజీనియా కుయిడా అతను పంపిన వేల సందేశాలను ఒక ప్రోగ్రాంకు నేర్పి, అతని ధోరణిలో జవాబిచ్చే చాట్‌బాట్ తయారుచేసింది. ఆ అనుభవం నుంచే 2017లో రెప్లికా అనే యాప్ పుట్టింది. ఇప్పుడు అలాంటివి వ్యాపారమయ్యాయి. పోయినవాళ్ళ మెసేజులు, ఫొటోలు, గొంతు ఇస్తే వాళ్ళలా మాట్లాడే బొమ్మను చేసిపెట్టే కంపెనీలు అమెరికాలో, చైనాలో ఉన్నాయి. మనకూ ఇది దూరపు సంగతేం కాదు. 2018లో పోయిన కరుణానిధి 2024 జనవరిలో తెరమీద ప్రత్యక్షమై కొడుకు పాలనను మెచ్చుకున్నాడు. 2020లో పోయిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును 2023 నాటి ఒక తెలుగు సినిమాలో ఏఐతో సృష్టించి వాడారు, కుటుంబం అనుమతి లేదని కొడుకు చరణ్ నోటీసు పంపారు. బాలు పాడినవి వేల పాటలున్నాయి. ఆయన నోట ఆయన అనని మాట ఎవరో పలికించినప్పుడు ఇంట్లోవాళ్ళకు అయిన గాయం కాపీరైటు సమస్యకన్నా లోతైనది.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఇది: పోయినవాళ్ళు జవాబు చెప్పకపోవడం మన దుఃఖంలో ఒక లోటా, లేక దుఃఖం తన పని తాను చేసుకోవడానికి ఆ మౌనం అవసరమా? లోటే అయితే యంత్రం దాన్ని పూడ్చడంలో తప్పేమీ లేదు, ఎంత బాగా పూడిస్తే అంత మంచిది. అవసరమే అయితే మాత్రం, దుఃఖంలో ఉన్నవాళ్ళకు మనం చేస్తున్నది సాయంలా కనిపించే అపకారం. నేను రెండోదే నిజమని నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో చెప్పాలంటే ముందు, పోయినవాళ్ళ విషయంలో మనుషులకు నిజంగా కావలసిందేమిటో చూడాలి.

మాస్కో యువకుడి చాట్‌బాట్‌నే తీసుకుందాం. దాన్ని అందరికీ తెరిచి, జనం దానితో ఏం మాట్లాడుతున్నారో చూసిన కుయిడాకు తెలిసిందేమిటంటే, వాళ్ళు అతని మాట వినడానికి వచ్చినదానికన్నా తమ మాట చెప్పుకోవడానికి వచ్చిందే ఎక్కువ. బతికుండగా చెప్పలేకపోయిన ప్రేమ, అడగలేకపోయిన క్షమాపణ. జపాన్‌లో ఓత్సుచి అనే సముద్రతీరపు ఊళ్ళో ఇతరు ససాకి అనే ఆయన 2010లో, పోయిన తన బంధువుతో మాట్లాడుకోవడానికి తోటలో ఒక టెలిఫోన్ బూత్ కట్టుకున్నాడు. తెల్లని చెక్క, గాజు పలకలు, లోపల నల్లటి డయల్ ఫోను. ఆ ఫోనుకు లైను లేదు. 2011 మార్చి సునామీలో ఆ ఊళ్ళో 1200 మందికి పైగా పోయారు. ఆయన బూత్ తలుపు అందరికీ తెరిచాడు. వేలమంది వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు. డయల్ తిప్పి పాత ఇంటి నంబరు కలిపి, పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారనో, ఇల్లు మళ్ళీ కట్టుకున్నామనో చెప్పి రిసీవర్ పెట్టేస్తారు. అవతలి నుంచి జవాబు రాదని అందరికీ తెలుసు. తెలిసే దూరాభారం నుంచి వస్తారు. చెప్పుకోవడానికి ఒక చోటు చాలు, జవాబు అక్కర్లేదు అనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మనం పెట్టుకున్న చోటు కాకి. దినం రోజున చెరువు గట్టుమీదో తోటలోనో విస్తట్లో ముద్ద పెట్టి, పోయినవారికి ఇష్టమైనవన్నీ పక్కన పెట్టి, అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడతారు. చేతులు కట్టుకుంటారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. కాకి కొమ్మమీద కూచుని మెడ వంచి చూస్తుంది, రాదు. కాసేపటికి పెద్దావిడ ఎవరో గొంతు సవరించుకుంటుంది: చిన్నదాని పెళ్ళి గురించి బెంగ పెట్టుకోకు, మేం చూసుకుంటాం. కాకి రాదు. తమ్ముడు ముందుకొస్తాడు: ఆ అప్పు నేను తీరుస్తాను, వదినను పిల్లల్ని నా ఇంట్లో వాళ్ళలాగే చూసుకుంటాను. అప్పుడు కాకి దిగి ముద్ద ముడుతుంది. హేతువాది అది కాకి ఆకలి అంటాడు, కావచ్చు. ఇక్కడ జరిగిన పని ఆకలితో తేలేది కాదు. పోయినవాడు నోరు విప్పడు గనక, అతనికి ఏం మిగిలిపోయిందో బతికున్నవాళ్ళే ఆలోచించాలి. ఆలోచించి పైకి అనాలి. అన్నది పదిమందీ వినాలి. విన్నాక ఆ మాట తప్పడం కష్టం. మౌనంగా ఉన్న ఒక పక్షి ముందు ఒక అప్పు, ఒక పెళ్ళి, ఒక విధవరాలి బతుకు తేలిపోతాయి. అదే తమ్ముడు రాత్రి గదిలో ఫోన్ తీసి అన్న గొంతును అడిగితే, ఆ గొంతు ఏమంటుంది? పరవాలేదులేరా, నువ్వు బాధపడకు అంటుంది. బాధ తగ్గించడానికే దాన్ని తయారుచేశారు గనక అలా తప్ప మరోలా అనదు. తమ్ముడు హాయిగా నిద్రపోతాడు. వదిన సంగతి అలాగే ఉంటుంది.

2023లో వచ్చిన ‘బలగం’ సినిమా మొత్తం ఈ పిట్ట ముట్టకపోవడం చుట్టూనే తిరుగుతుంది. ముసలాయన పోతాడు, కూతురి కుటుంబానికీ కొడుకులకూ ఏళ్ళ నాటి పంతాలు. మూడో రోజూ ఐదో రోజూ పిట్ట ముట్టదు. పదకొండో రోజుకు అందరూ ఏడ్చి, ఒకరినొకరు పట్టుకున్నాకే ముడుతుంది. తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ఆఫీసుల ముందు తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. సినిమా చూసి ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలిసిపోయారని పత్రికల్లో వార్తలొచ్చాయి. ఆ ముసలాయన బొమ్మ తెరమీదకొచ్చి నేనెవరిమీదా కోపంగా లేను అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి ఉంటే ఆ కథ అక్కడే అయిపోయేది. ఒక్కొక్కరూ విడివిడిగా ఊరట పొంది ఇళ్ళకు పోయేవారు.

దీనికి శాస్త్రం వైపు నుంచి కూడా ఒక లోతైన ఆధారం ఉంది. ప్రేత అనే మాటకు అసలు అర్థం వెళ్ళిపోయినవాడు అని. అయినా మన వాడుకలో ప్రేతమంటే వెళ్ళిపోనివాడు, ఇంటి చూరు పట్టుకుని వేలాడేవాడు. ఈ రెండర్థాల మధ్య ఉన్న దూరమే కర్మకాండ. సపిండీకరణంలో, ఇప్పుడు ఎక్కువగా పన్నెండో రోజున చేస్తున్నదాంట్లో, పోయినవారి పేర పొడుగ్గా ఒక పిండం, తండ్రితాతలకు మూడు పిండాలు పెడతారు. కొడుకు ఆ పొడుగు పిండాన్ని దర్భతో మూడు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ ఒక్కొక్క పాత పిండంలో కలిపి పిసుకుతాడు. నాన్న ఏదో తాత ఏదో ఇక వేరుచేయలేం. చేస్తున్న కొడుకు వేళ్ళు అక్కడ ఒక్క క్షణం ఆగితే ఆశ్చర్యం లేదు. ఆ కలపడంతో ప్రేత శబ్దం పోయి పితృ శబ్దం వస్తుంది. అప్పటినుంచి తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. తరం మారినకొద్దీ నాన్న కూడా తాత స్థానానికి, ముత్తాత స్థానానికి జరుగుతాడు. నాలుగో తరానికి తద్దినంలో ఆయన పేరు చదవరు. ముఖం, గొంతు, కోపం, కాఫీలో చక్కెర ఎంత కావాలో అన్నీ మెల్లగా రాలిపోయి ఆయన వెలుగులో కలుస్తాడు. మరిచిపోవడానికి కూడా ఇంత గౌరవమైన పద్ధతి ఏర్పరచిన సంప్రదాయం, పోయినవాణ్ణి పోయిననాటి వయసులోనే, పోయిననాటి మాటలతోనే ఫోన్‌లో నిలిపి ఉంచడాన్ని ఏమంటుంది? ప్రేతత్వం తీరలేదంటుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ఇలాంటి చాట్‌బాట్ల మీద రాసిన పత్రంలో, వాటిని మర్యాదగా సాగనంపే ఏర్పాటు ఉండాలనీ, ఒక రకమైన డిజిటల్ అంత్యక్రియ ఉండాలనీ సూచించారు. మన పురోహితుల పని వాళ్ళకూ అవసరమనిపించింది.

ఇది హిందువుల వ్యవహారమే అనుకోనక్కర్లేదు. చావింట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్ళు అన్నం పంపుతారు. జాఫర్ మరణవార్త వచ్చినప్పుడు అతని ఇంటివాళ్ళకు వండి పెట్టమని ప్రవక్త చెప్పాడని ముస్లింలు తలచుకుంటారు, మన ఊళ్ళలో నలభయ్యో రోజు చెహ్లుంకు బంధువులు మళ్ళీ కూడతారు. క్రైస్తవుల ఇళ్ళలో జ్ఞాపకార్థ కూడికలు, నవంబరు 2న సమాధుల పండుగకు పూలు, కొవ్వొత్తులు. దేవుడి గురించి ఇన్ని రకాలుగా విభేదించే మతాలు ఈ ఒక్క విషయంలో ఒకేలా నడుచుకోవడం నాకు చాలా పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది. పోయినవాళ్ళు మాట్లాడరు. ఆ మాట్లాడకపోవడం భరించలేనంతగా ఉంటుంది. అందుకే ఇల్లు నిండేట్టు మనుషులు రావాలి. పరామర్శకు వచ్చినవాళ్ళకు ఏం మాట్లాడాలో తెలియదు, కూచుంటారు, ఎలా జరిగిందని అడుగుతారు. అదే కథ ఇరవయ్యోసారి చెప్పేసరికి చెబుతున్నవాళ్ళ గొంతులో ఏదో సర్దుకుంటుంది. యంత్రం ఆ మౌనాన్ని పూడిస్తే వీళ్ళెవరూ రావాల్సిన పని ఉండదు.

నాకు ఎదురు చెప్పేవాళ్ళ దగ్గర గట్టి వాదనలే ఉన్నాయి. మొదటిది: హాల్లో దండ వేసిన ఫొటో కూడా ఒకప్పుడు కొత్త యంత్రమే కదా, అమ్మ వాట్సాప్‌లో పెట్టిన పాత వాయిస్ మెసేజ్ వింటే తప్పేమిటి? ఏ తప్పూ లేదు. ఆ మెసేజ్ ఆమె పెట్టినది. బియ్యం తెచ్చావా అని ఆమె అడిగినది. దానిలో ఆమె ఊపిరి ఉంది, ఆ రోజు ఉంది. చాట్‌బాట్ చెప్పేది ఆమె ఎన్నడూ అననిది. ఆమె మాటల్లో ఏ మాట పక్కన ఏ మాట రావచ్చో లెక్కగట్టి కూర్చినది. నాలుగేళ్ళు దానితో మాట్లాడాక, నిజంగా ఆమె అన్నవీ, యంత్రం అనిపించినవీ ఒకే కుప్పలో పడతాయి. జ్ఞాపకం కల్తీ అవుతుంది. రాముడు యాగంలో బంగారు సీతను పక్కన కూచోబెట్టుకున్నాడు గాని దాన్ని మాట్లాడించుకోలేదు. సీత స్థానాన్ని ఆ బొమ్మ కాపాడింది, సీత మాటను తీసుకోలేదు.

ఇంకా గట్టి ఆక్షేపణ మన ఊళ్ళలోంచే వస్తుంది: సోది. ఎరుకలసాని ఇంటి అరుగుమీద కూచుని, చేటలో బియ్యం పోయించుకుని, పోయిన పెద్దలను పలికిస్తుంది. నేను ఫలానావాణ్ణి వచ్చానంటూ వాళ్ళ గొంతుతో మాట్లాడుతుంది. పెద్దలు పలకరని ఎలా అంటావు, తరతరాలుగా పలికించుకుంటూనే ఉన్నాం కదా అని అడగవచ్చు. నిజమే, ఆ మాట తీసిపారేయలేను. ఆ పలికే పెద్దలు ఏం అంటారో గమనించాలి. వాళ్ళు అడుగుతారు. నాకు పెట్టాల్సింది పెట్టలేదు, ఫలానావాణ్ణి మీరు చూడటం లేదు, ఫలానా మొక్కు తీర్చలేదు అంటారు. ఇరుగుపొరుగు విని కళ్ళొత్తుకుంటారు. చెబుతున్నది రక్తమాంసాలున్న మనిషి, ఎదురుగా ఉన్న ముఖాన్ని చూసి చెబుతోంది, ఆ ఇంటి కష్టాన్ని పసిగట్టి చెబుతోంది. బియ్యం మూటకట్టుకుని లేచి వెళ్ళిపోతుంది, వచ్చినవాళ్ళూ ఆమెతోనే వెళ్ళిపోతారు. అక్కడా గడువు ఉంది, సాక్షులున్నారు, చెయ్యాల్సిన పని మిగిలింది. యంత్రం పలికించే పెద్దలకు ఈ మూడూ లేవు.

మనస్తత్వ శాస్త్రం నుంచి మరో అభ్యంతరం. ఫ్రాయిడ్ 1917లో, దుఃఖం అంటే పోయినవారి నుంచి మనసును విడదీసుకునే శ్రమ అన్నాడు. 1996లో డెనిస్ క్లాస్, సహరచయితలు దీన్ని తిరగేశారు: తెంచుకోవక్కర్లేదు, పోయినవాళ్ళతో బంధం కొనసాగడమే సహజం అన్నారు. క్లాస్ జపాన్ ఇళ్ళలోని పితృపూజను కూడా పరిశీలించినవాడే. అలాంటప్పుడు చాట్‌బాట్ కూడా బంధం కొనసాగించడమే కదా? బంధం కొనసాగడంలో నాకు ఏ సందేహమూ లేదు, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే మనకు ఎవరూ ఆ సిద్ధాంతం చెప్పాల్సిన పని లేదు. అయితే ఆ కొత్త బట్టలు దండెంమీద ఉండిపోవు, పెద్దలకు చూపించాక ఇంట్లోవాళ్ళే కట్టుకుంటారు. పోయినవారితో ఉన్న బంధం బతికున్నవారి ఒంటిమీదకు వస్తుంది. బంధం ఎటు తిరిగిందన్నదే ప్రశ్న. ఏడాది దాటినా కొందరిని దుఃఖం మనుషుల్లో తిరగనివ్వకుండా కట్టిపడేస్తుంది. 2022లో అమెరికన్ మానసిక వైద్యులు దాన్ని ప్రత్యేకమైన రుగ్మతగా తమ జాబితాలో చేర్చారు. వైద్యుడి పర్యవేక్షణలో, ఒకటి రెండుసార్లు, చెప్పలేకపోయిన మాట చెప్పుకోవడానికి యంత్రాన్ని వాడితే నాకు అభ్యంతరం లేదు. అది వ్యాసుడి రాత్రిలాంటిదే. నెలనెలా చందా కట్టించుకునే కంపెనీకి ఆ రాత్రి తెల్లవారడంలో లాభం లేదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టే వాదన ఒంటరివాళ్ళది. కాకి దగ్గర నిలబడ్డ ఆ పదిమంది ఎక్కడున్నారు? పిల్లలు డాలస్‌లో, సిడ్నీలో. విజయవాడ అపార్టుమెంటులో భార్య పోయిన డెబ్బయ్యేళ్ళాయనకు పన్నెండో రోజు తరవాత తలుపు తట్టేవాళ్ళు లేరు. ఆ పిల్లలకూ అంతే, వీసా సమస్యతో తల్లి చితిని ఫోన్‌లో చూసి, మర్నాడు పొద్దున ఆఫీసు మీటింగులో కూచున్నవాళ్ళున్నారు. 2021 వేసవిలో కోవిడ్ పోయినవారి ముఖం కూడా చూడనివ్వలేదు, పరామర్శ లేదు, దినాలు లేవు. ఆ దుఃఖం ఎందరిలోనో ఇంకా గడ్డకట్టే ఉంది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానితో ముడిపడ్డ మరణాలు ఏటా 8,71,000కు పైగా ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో లెక్క చెప్పింది. మరో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మన పరామర్శలన్నీ దయగలవి కావు. పదో రోజున గాజులు పగలగొట్టి, పసుపుకుంకుమలు తుడిచి, ఏడుస్తున్న ఆడదాన్ని చుట్టూ చేరి ఇంకా ఏడిపించింది కూడా ఈ పదిమందే. నువ్వు అడుగుపెట్టాకే వాడు పోయాడని అన్నది కూడా వీళ్ళే. అలాంటి ఇంట్లో ఉన్న మనిషికి, ఎత్తిపొడవని యంత్రం దేవుడిలా కనిపిస్తే నేను ఆమెను తప్పుపట్టను. తప్పంతా మనదే.

తప్పు మనదైనప్పుడు దిద్దుకోవాల్సిందీ మనమే. యంత్రాన్ని ఆమె చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటే ఆ తప్పు శాశ్వతమవుతుంది. ఒంటరితనానికి ఏఐ తోడు ఎంతవరకు పనిచేస్తుందన్నదానికి ఆధారాలు రెండు వైపులా ఉన్నాయి. అలాంటి తోడుతో మాట్లాడిన కాసేపు ఒంటరితనం తగ్గుతుందని హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు చూపించారు. 2025 మార్చిలో ఎంఐటీ మీడియా ల్యాబ్, ఓపెన్‌ఏఐ కలిసి 981 మందిని నాలుగు వారాలు పరిశీలిస్తే, రోజూ ఎక్కువసేపు మాట్లాడినవాళ్ళలోనే ఒంటరితనం, దానిమీద ఆధారపడటం ఎక్కువగా, మనుషులతో కలవడం తక్కువగా కనిపించింది. ఒంటరివాళ్ళే ఎక్కువ వాడారా, వాడకమే ఒంటరిని చేసిందా అన్నది ఆ లెక్కల్లో తేలదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయని నా అభిప్రాయం. ఉప్పునీళ్ళు తాగినప్పుడు గొంతు తడిసిన ఆ క్షణం కూడా నిజమే కదా.

ఆధారపడటం మొదలయ్యాక ఆ ఆధారం ఎవరి చేతిలో ఉందో అప్పుడు తెలుస్తుంది. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. మనం అన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. అది ఉత్త ప్రోగ్రామేనని తెలిసిన ఆయన సెక్రటరీయే, నాలుగు మాటలు మాట్లాడాక, కాస్త గది బయట ఉంటారా అని ఆయన్నే అడిగింది. తన మిగతా జీవితమంతా ఆయన ఈ విషయమై హెచ్చరిస్తూనే గడిపాడు. 2023 ఫిబ్రవరిలో రెప్లికా యాప్‌లో కంపెనీ కొన్ని లక్షణాలు మార్చేస్తే, తమవాళ్ళు పోయినట్టే ఏడ్చినవాళ్ళున్నారు. 2025 ఆగస్టులో చాట్‌జీపీటీ పాత మోడల్‌ను తీసేసి కొత్తది పెడితే అలాగే వేదన, కొద్ది రోజుల్లోనే డబ్బు కట్టేవాళ్ళకు పాతదాన్ని తిరిగి ఇచ్చారు. ఇలాంటి చోట అమ్మ గొంతు ఉంటే? ఒక అప్‌డేట్‌తో ఆమె మాట తీరు మారుతుంది, ఒక దివాలాతో ఆమె రెండోసారి పోతుంది. ఆ రెండో చావుకు దినం లేదు, పక్కింటి నుంచి అన్నం రాదు, ఎవరికైనా చెప్పుకోవాలన్నా సిగ్గు.

ఓదార్చడానికి వచ్చిన మనిషికి తన పని ఉంటుంది, తన నొప్పి ఉంటుంది, బస్సు తప్పిపోతుందన్న కంగారు ఉంటుంది. అవన్నీ పక్కన పెట్టి కూచుంది గనకే ఆమె కూచోవడానికి విలువ. ఎప్పుడు పిలిచినా పలికే, ఎప్పుడూ అలసిపోని, పోవడానికి మరో ఇల్లే లేని దాని సమక్షంలో ఆ విలువ ఎక్కడిది? పైగా అలసిపోయే మనుషులమీద మనకు ఓపిక తగ్గుతుంది. యంత్రంతో నెలల తరబడి దుఃఖం పంచుకున్నవాడికి, మూడోసారి అదే కథ చెబుతున్న అత్తయ్య చాదస్తంగా అనిపిస్తుంది. నాకు ఎక్కువ భయం ఇక్కడే. యంత్రం మనిషిలా మాట్లాడటం కన్నా, మనుషులు యంత్రంలా ఉండాలని మనం కోరుకోవడం మొదలుపెడతాం.

మళ్ళీ ఆ నది ఒడ్డుకు వస్తాను. ఈ ధృతరాష్ట్రుడే, యుద్ధం అయిన కొత్తలో, భీముణ్ణి కౌగలించుకుంటానని పిలిచి, కృష్ణుడు ముందుకు తోసిన ఇనుప భీముణ్ణి ముక్కలయ్యేంతగా నలిపేశాడు. పదహారేళ్ళ తరవాత, కొడుకులను కళ్ళారా చూసిన ఆ రాత్రి గడిచాక, వీళ్ళు అడవికి వచ్చి నెల దాటింది, ధర్మరాజును రాజ్యానికి పంపించమని వ్యాసుడు అతనితో అంటాడు. ధర్మరాజు కదలడు. తమ్ముళ్ళు వెళ్ళనీ, నేను మీ సేవలో ఉండిపోతాను అంటాడు. సహదేవుడు తల్లిని వదలనని ఏడుస్తాడు, కుంతి అతన్ని దగ్గరకు తీసుకుని బుజ్జగించి వెళ్ళమంటుంది. నూరుగురు కొడుకులను రాత్రంతా చూసిన ముసలాయన వాళ్ళందరికన్నా ముందే ధర్మరాజును నాయనా అని పిలిచాడు. నా దుఃఖం తీరింది, వెళ్ళు, నా పిండం, ఈ వంశం ఇక నీ మీదే ఉన్నాయి అన్నాడు.